రాచెట్ పానాల సెట్టా, సాకెట్ సెట్టా? కొత్త షెడ్డుకు సలహా కావాలి

హన్మకొండ షెడ్డు:
అందరికీ నమస్తే. నయీంనగర్ వైపు సొంతంగా టూ వీలర్ రిపేర్ షెడ్డు పెట్టుకుంటున్న. ఇన్నాళ్లు మేస్త్రీ దగ్గర పనిచేసినప్పుడు సామానంతా ఆయనదే. ఇప్పుడు నా డబ్బా నేనే నింపుకోవాలి. ఫిక్స్ పానాలు, రింగ్ పానాలు, టీ పానాలు కొన్న. చేతిలో ఇంకో 5 వేలు ఉన్నయి. రింగులోనే రాచెట్ (ఒక దిక్కే పట్టి, వెనక్కి తిప్పితే ఖాళీగా తిరిగే గేరు) ఉన్న పానాల సెట్టు తీసుకోవాలా, హాఫ్ ఇంచి సాకెట్ సెట్టు (నట్టు మీద టోపీలా కూర్చునే సాకెట్లు, వాటిని తిప్పే హ్యాండిల్; హాఫ్ ఇంచి అంటే హ్యాండిల్ చదరపు కొస కొలత) తీసుకోవాలా అన్నది తేలడం లేదు. రాచెట్ రింగులు నెలకే పాడవుతయని ఒకరు, అవి లేకుంటే స్కూటర్ పని నడవదని ఒకరు అంటున్నరు. రోజూ వాడేవాళ్లు చెబితే బాగుంటుంది.

కాజీపేట ఫిట్టర్:
తమ్ముడూ, శుభం. షెడ్డు బాగా నడవాలి.
నెలకే పాడయ్యాయంటే వాటితో ఏం పని చేశారో ముందు అడగాలి. ఒక బోల్టు విప్పడంలో మూడు దశలుంటాయి. మొదట పట్టేసిన బోల్టును కదిలించడం. తర్వాత వదులైన బోల్టును గిరగిరా తిప్పి బయటికి తీయడం. బిగించేటప్పుడు చివరి పట్టు. రాచెట్ రింగు పుట్టింది నడుమ దశ కోసం. మొదటి పట్టు వదిలించడానికి మామూలు రింగ్ పానా ఉంది, చివరి పట్టుకు ఎంత బిగిస్తున్నామో కొలిచి చూపే టార్క్ రెంచ్ ఉంది, అది లేకపోతే మళ్లీ రింగ్ పానానే. లోపల గేరు పళ్లు చిన్నవి, వాటిని పట్టుకునే నాలుక లాంటి ముక్క ఇంకా చిన్నది. తుప్పు పట్టిన సైలెన్సర్ నట్టు మీద దాన్ని వేసి, చాలక పైపు తొడిగి గుంజితే ఆ నాలుకే విరుగుతుంది. చాలాసార్లు ఒక్కసారిగా జారి పిడికిలి పోయి ఇంజన్ ఫిన్నుకు కొట్టుకుంటుంది. షెడ్డులో కొత్త పిల్లలకు మొదటిరోజే ఈ మాట చెప్పేవాణ్ని.
నువ్వు మామూలు రింగులు ముందే కొన్నావు కాబట్టి రాచెట్ రింగులు నీకు పనికొస్తాయి. అవి లేకుండా నేరుగా రాచెట్ సెట్టే కొంటానంటే వద్దనేవాణ్ని.

జమ్మికుంట కోత మిషన్:
ఫిట్టరన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మా దగ్గర యాసంగి కోతలప్పుడు హార్వెస్టర్ ఆగిందంటే రైతు పక్కనే నిలబడి ఆకాశం దిక్కు చూస్తుంటడు. ఆ టైములో పానా ఎత్తి మళ్లీ పెట్టే పని తప్పితే అదే పెద్ద లాభం.
సాకెట్ చేయలేని పని ఒకటి చెబుత. బెల్టు టెన్షన్ పెట్టే రాడ్డు ఉంటది కదా, పొడుగాటి త్రెడ్ రాడ్డు, దాని మీద ఒక నట్టు, వెనక ఇంకో లాక్ నట్టు. నట్టు లోపలెక్కడో ఉంటది, రాడ్డు జానెడు బయటికి వచ్చి ఉంటది. మామూలు సాకెట్ వేస్తే రాడ్డు కొస సాకెట్ అడుగుకు తగిలి ఆగిపోతది, నట్టు దాకా పోనే పోదు. లోతు ఎక్కువుండే డీప్ సాకెట్ కూడా చాలదు. ఫిక్స్ పానాతో చేస్తే ఒక్కో పట్టుకు ఇంతింతే తిరుగుతది, మట్టి, గడ్డి మధ్యలో ప్రతిసారీ పానా నోరు నట్టుకు సరిగా దొరకదు. రాచెట్ రింగుకు నడుమ బొక్క ఆర్పార్ ఉంటది. రాడ్డు మీదుగా దండ వేసినట్టు వేసి నట్టు దాకా తోసి, చెయ్యి అటూ ఇటూ ఆడిస్తే చాలు. బండ్ల మీద చైన్ అడ్జస్టర్ దగ్గర కూడా ఇదే పని. కాకపోతే అక్కడ జాగా ఉంటది కాబట్టి అంత తేడా తెలియదు.
ఇంకో మాట. నట్టు బాగా వదులైనాక రాచెట్ పలకదు. పానా వెనక్కి తిప్పితే దానితో పాటు నట్టు కూడా వెనక్కే వస్తది. పానా పాడైందని కొందరు తిట్టుకుంటరు. పాడుకాలేదు, నట్టులో ఆ కొంచెం బిగువు కూడా లేదంతే. ఒక వేలు నట్టు మీద ఆనించి పట్టుకుంటే మళ్లీ పనిచేస్తది. లేదంటే ఇక చేత్తోనే తీసెయ్యి.

హన్మకొండ షెడ్డు:
థాంక్స్ అన్నా, దండ మాట బాగా అర్థమైంది. బజారులో ఒక సెట్టు మీద 72 పళ్లు అని, ఇంకోదాని మీద 120 అని రాసి ఉంది. ధరలో బాగా తేడా ఉంది. ఎక్కువ పళ్లుంటే నిజంగానే మంచిదా?

ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్:
ఇది లెక్కలో తేలిపోయే ప్రశ్న. 360ని పళ్ల సంఖ్యతో భాగిస్తే రాచెట్ ఒక్క క్లిక్కుకు పానా ఎన్ని డిగ్రీలు తిరగాలో వస్తుంది. 72 పళ్లకు 5 డిగ్రీలు, 90కి 4, 120కి 3. పాతకాలపు సాకెట్ హ్యాండిల్ 24 పళ్లదైతే 15 డిగ్రీలు. మామూలు 12 మూలల రింగ్ పానాను ఎత్తి మళ్లీ పెట్టాలంటే 30 డిగ్రీలు తిరగాలి.
డిగ్రీలంటే కళ్లకు కనబడవు కాబట్టి ఇలా చూడండి. ఆరు అంగుళాల పానా కొస 30 డిగ్రీలు తిరగాలంటే దాదాపు 8 సెంటీమీటర్ల జాగా కావాలి. 5 డిగ్రీలకు 13 మిల్లీమీటర్లు చాలు. 3 డిగ్రీలకు 8 మిల్లీమీటర్లు. అంటే మామూలు రింగు నుంచి 72 పళ్లకు వస్తే తేడా భారీగా ఉంటుంది, 72 నుంచి 120కి పోతే మిగిలేది 5 మిల్లీమీటర్లు. టూ వీలర్ మీద ఆ 5 మిల్లీమీటర్లు అవసరమయ్యే చోట్లు చాలా తక్కువ. పైగా అంతే సైజు గేరులో ఎక్కువ పళ్లు పెడితే ఒక్కో పన్ను చిన్నదవుతుంది. మంచి కంపెనీలు ఒకేసారి ఎక్కువ పళ్లు పట్టుకునేలా నాలుకను వెడల్పు చేసి, లేదా రెండు నాలుకలు పెట్టి ఆ లోటు పూడుస్తాయి. చవక సెట్టులో అంత శ్రద్ధ ఉంటుందని నమ్మలేం. నా మాట అడిగితే 72 పళ్లది, మంచి తయారీది తీసుకోండి. పేరులేని 120 పళ్ల సెట్టు జోలికి పోవద్దు.
పానా మీద క్రోమ్ వెనేడియం (గట్టి స్టీలు రకం) అని చెక్కి ఉంటే చాలనుకోవద్దు. అది ఎవరైనా చెక్కొచ్చు. కొత్త బోల్టు ఒకటి జేబులో వేసుకెళ్లి రింగులో పెట్టి చూడండి. ఎంత ఆడుతోందన్నది ఆ ముద్ర కంటే ఎక్కువ చెబుతుంది.

కరీంనగర్ స్కూటీ:
అన్నా, నేను స్కూటర్లు మాత్రమే చేస్తాను, కాబట్టి స్కూటర్ మాటే చెబుతా. రాచెట్ రింగుల్లో రెండు రకాలున్నాయి. ఒకటి పక్కన చిన్న లివర్ ఉండేది, అటు తోస్తే బిగుస్తుంది, ఇటు తోస్తే విప్పుతుంది. రెండోది లివర్ లేనిది, పానానే బోర్లా తిప్పి వేసుకోవాలి. లివర్ లేనిదాని తల పల్చగా ఉంటుంది, సందుల్లో దూరుతుంది, లోపల భాగాలు తక్కువ కాబట్టి గట్టిగానూ ఉంటుంది. అందుకే చాలామంది అదే కొంటారు. కానీ దాంట్లో ఒక చిక్కు ఉంది, షాపులో ఎవరూ చెప్పరు.
ఫ్రేముకు, ఇంజనుకు మధ్య ఇరుకు సందులో ఒక పొడుగు బోల్టు విప్పుతున్నామనుకోండి. బోల్టు బయటికి వస్తున్న కొద్దీ దాని తల వెనకున్న ఫ్రేముకు దగ్గరవుతుంది. పానా ఆ రెండింటి మధ్యే ఉంటుంది. ఇంకో రెండు చుట్లు తిప్పేసరికి తల ఫ్రేముకు ఆనుతుంది, పానా పైకి రాదు. సరే, బోల్టును కాస్త లోపలికి బిగించి పానా తీద్దామంటే రాచెట్ అటువైపు కిర్రుమని ఖాళీగా తిరుగుతుందే గానీ పట్టదు. బోర్లా తిప్పుదామంటే పానా బయటికే రావడం లేదు. ఇక పక్కనున్న భాగం ఊడదీస్తే తప్ప దారి ఉండదు. లివర్ ఉన్నదైతే ఒక్క వేలితో లివర్ మార్చి వెనక్కి బిగించి బయటపడొచ్చు. అందుకే ఇరుకు చోట పానా పెట్టే ముందే బోల్టు ఎంత పొడుగు ఉండొచ్చు, వెనక ఎంత జాగా ఉందో చూసుకోండి. అనుమానం ఉంటే సగం దాకా రాచెట్‌తో తీసి, మిగతాది ఫిక్స్ పానాతో తీయండి.
లివర్ ఉన్నవాటికి వాటి తంటా వాటికి ఉంది. వైరో, హోస్ పైపో తగిలి లివర్ దానంతటదే మారిపోతుంది. కొనేటప్పుడు లివర్ కొంచెం గట్టిగా, టక్కుమని మారేదే చూసుకోవాలి.
ఇంకా ముఖ్యమైనది బిగింపు. స్కూటర్ ఇంజన్ కవర్ల బోల్టులు ఎక్కువగా ఎం6, అంటే త్రెడ్ మందం 6 మిల్లీమీటర్లు, తల 8 మిల్లీమీటర్లు. అవి దిగేది అల్యూమినియంలోకి. మొదటి రెండు మూడు త్రెడ్లు వేళ్లతోనే ఎక్కించాలి. రాచెట్‌తో మొదలుపెడితే బోల్టు అడ్డదిడ్డంగా ఎక్కుతున్నా చేతికి తెలియదు, కిర్రుకిర్రుమంటూ దిగిపోతూనే ఉంటుంది. తెలిసేసరికి కవర్‌లో త్రెడ్ పోయి ఉంటుంది.

ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్:
ఆ చెల్లెలు చెప్పిన ఎం6 సంగతికి అంకె జోడిస్తాను. 8.8 గ్రేడు (బోల్టు బలాన్ని చెప్పే అంకె) ఎం6 బోల్టుకు మామూలుగా చెప్పే బిగింపు దాదాపు 10 న్యూటన్ మీటర్లు (తిప్పే బలానికి కొలత). ఎం8కి 25 దగ్గర, ఎం10కి 50 దగ్గర. ఇప్పుడు 15 సెంటీమీటర్ల పానా కొసన 20 కిలోల బలంతో గుంజితే ఎంత వస్తుంది? దాదాపు 30 న్యూటన్ మీటర్లు. ఎం6కి కావాల్సినదానికి మూడింతలు. 20 కిలోలంటే ఆరోగ్యంగా ఉన్న మనిషికి పెద్ద బలం కాదు. కాబట్టి 8, 10 సైజులు బిగించేటప్పుడు పానా కొస పట్టుకోకుండా తల దగ్గర మూడు వేళ్లతో పట్టుకోవడం అలవాటు చేసుకోవాలి. ఆ అంకెలు కూడా స్టీలులో స్టీలుకు. అల్యూమినియం అయితే బండి సర్వీస్ మాన్యువల్‌లో ఏది రాసుంటే అదే.

గోదావరిఖని బెల్టు:
నేను వేరే మాట చెబుతా, కోపం చేసుకోకండి. రాచెట్ రింగుల మీద ఇంత ఖర్చు దేనికి? మా పని కన్వేయర్ బెల్టు మీద. ఎం16కి 24 పానా, ఎం20కి 30 పానా, అన్నీ బొగ్గు దుమ్ములో. అక్కడ హాఫ్ ఇంచి, ముప్పావు ఇంచి హ్యాండిళ్లు, బ్రేకర్ బార్ (రాచెట్ లేని పొడుగు కడ్డీ), ఇంపాక్ట్ గన్ (దెబ్బలు వేస్తూ బోల్టు తిప్పే గన్) ఇవే దిక్కు. సాకెట్ సెట్టుంటే హ్యాండిల్ ఒక్కటి మంచిది కొంటే చాలు, అన్ని సైజులకూ అదే రాచెట్. రింగుల్లో ప్రతి సైజుకూ ఒక రాచెట్ ఉంటుంది, అన్నీ మంచివి కావాలంటే డబ్బు అన్నింటికీ పెట్టాలి. సాకెట్ హ్యాండిల్‌లో గేరు పెద్దది, బలం ఎక్కువ. కొన్ని కంపెనీలు లోపలి గేరు, స్ప్రింగు విడిగా కిట్టుగా అమ్ముతాయి, పోతే మార్చుకోవచ్చు.
ఇంకోటి, తమ్ముడు షెడ్డులో రేపు ఎయిర్ గన్ పెట్టొచ్చు. మెరిసే క్రోమ్ సాకెట్లను గన్ మీద వేయొద్దు. ఆ దెబ్బలకు పగిలి ముక్కలు ఎగురుతాయి, కంటికి తగిలితే అంతే. గన్ కోసం నల్లగా ఉండే ఇంపాక్ట్ సాకెట్లు వేరే ఉంటాయి, గోడ మందంగా ఉంటుంది. ఇది మాత్రం రాజీ పడే విషయం కాదు.

జమ్మికుంట కోత మిషన్:
అన్నా, కోపం ఎందుకు. మీ పనికి మీది కరెక్ట్. కానీ టూ వీలర్ మీద హాఫ్ ఇంచి హ్యాండిల్ పట్టే జాగా ఎక్కడుంది? హ్యాండిల్ తల, దాని కింద సాకెట్ ఎత్తు కలిపితే మూడు వేళ్లకు పైనే అవుతది. రాచెట్ రింగు ఒక వేలు మందం. తమ్ముడికి సాకెట్టే కావాలంటే 3/8 హ్యాండిల్ తీసుకోమను, హాఫ్ ఇంచి కాదు. ఎం6 మీద హాఫ్ ఇంచి హ్యాండిల్ వేస్తే ఇన్‌స్ట్రక్టర్ సారు చెప్పిన లెక్క ఇంకా ఘోరం అవుతది.

గోదావరిఖని బెల్టు:
3/8 మాట ఒప్పుకుంటా.

సిరిసిల్ల సాంచాలు:
నేను సాంచాలు (మరమగ్గాలు) బాగుచేస్తా. రోజంతా అదురుతుండే మిషన్లు కాబట్టి నట్లు వదులవుతూనే ఉంటాయి, రాచెట్ రింగు రోజూ చేతిలోనే ఉంటుంది. అందుకే దాని బాగోగుల గురించి రాస్తున్నా, ఇక్కడ ఎవరూ అది చెప్పలేదు.
దూదీ దుమ్మూ నూనె కలిస్తే నల్లటి ముద్దలా తయారవుతుంది. అది రాచెట్ లోపలికి పోయిందంటే నాలుక వెనకున్న స్ప్రింగు సరిగా తోయదు. పళ్లు సగమే పట్టుకుంటాయి. అప్పుడు బలం పెడితే జారుతుంది, జారినప్పుడల్లా పన్ను కొస అరుగుతుంది. పాడైన రాచెట్లలో ఎక్కువ ఇలాగే పోయినవే, విరిగినవి తక్కువ. బండి షెడ్డులో దూది ఉండదు కానీ బ్రేక్ లైనర్ దుమ్ము, చైన్ మట్టి ఉంటాయి, అంతే సంగతి.
చాలామంది సాయంత్రం పానాలన్నీ ఒక్క డబ్బాలో వేసి కిరోసిన్‌లోనో డీజిల్‌లోనో నానబెడతారు. మామూలు పానాలకు పర్వాలేదు. రాచెట్‌ను అలా వేస్తే లోపలి గ్రీజు మొత్తం కడుక్కుపోతుంది, ఎండాక లోపల తుప్పు మొదలవుతుంది. దాన్ని విడిగా, అప్పుడప్పుడు మాత్రమే కడగాలి. డీజిల్‌లో ముంచి చేత్తో తిప్పుతూ మురికి పోయేదాకా ఆడించి, గాలి కొట్టి ఆరబెట్టి, రెండు చుక్కల పల్చటి మిషన్ నూనె వేసి మళ్లీ తిప్పాలి. బేరింగులకు పెట్టే చిక్కటి గ్రీజు కూరితే చలికాలం పొద్దున నాలుక ఆలస్యంగా కదులుతుంది, పళ్లు అందుకోదు. స్ప్రే కొట్టి వదిలేయడం కూడా సరిపోదు, అది మురికిని కరిగిస్తుంది కానీ నూనెలా నిలవదు.

హన్మకొండ షెడ్డు:
చాలా విషయాలు తెలిశాయి. ఇంకో రెండు డౌట్లు. పక్క ఊళ్ల నుంచి చిన్నచిన్న ట్రాక్టర్ పనులు కూడా వస్తుంటయి. ఇవే ఎంఎం సైజులు వాటికి సరిపోతయా? రెండోది, బటన్ నొక్కితే సాకెట్ ఊడే హ్యాండిల్‌కు ఎక్కువ డబ్బు పెట్టడం అవసరమా?

జమ్మికుంట కోత మిషన్:
ట్రాక్టర్ చూసి చెప్పాలి తమ్మీ. పాత మాస్సీ, పాత మహీంద్రా మీద ఇంచి బోల్టులు చాలా ఉంటయి. ముప్పావు ఇంచి తలకు 19 పానా సరిగ్గా కూర్చుంటది, తేడా లేనట్టే. 5/16కు 8 నడుస్తది. కానీ హాఫ్ ఇంచి తల అంటే 12.7 మిల్లీమీటర్లు, 13 వేస్తే కొంచెం ఆడుతది. చేత్తో తిరిగే నట్టుకైతే సరే, గట్టి దానికి వద్దు. 9/16 మాత్రం అటూ ఇటూ కాదు. 14 పానా ఎక్కనే ఎక్కదు, 15 వేస్తే మూలలు గుండ్రంగా అయితయి. 12 మూలల రాచెట్ రింగుతో ఆ తప్పు చేస్తే ఇంకా తొందరగా అయితయి. ఇంచి పానాలు నాలుగైదు విడిగా కొనుక్కో, మామూలువే, రాచెట్ అక్కర్లేదు.

ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్:
బటన్ అవసరమే. నూనె చేతులతో సాకెట్ గుంజి తీయడం ఎంత కష్టమో మీకు తెలుసు. ఆ ఏర్పాటును అమెరికాలో సియర్స్ దుకాణంలో పనిచేసే పీటర్ రాబర్ట్స్ అనే టీనేజీ కుర్రాడు కనిపెట్టాడు, 1965లో పేటెంట్ వచ్చింది. హక్కులను సియర్స్‌కే 10 వేల డాలర్లకు ఇచ్చేసి, తర్వాత అదే కంపెనీతో ఏళ్ల తరబడి కోర్టులో కొట్లాడాడు, 1989లో రాజీ కుదిరింది. చేతిపనివాడి ఆలోచనకు ఎంత విలువ ఉంటుందో మా పిల్లలకు చెప్పడానికి ఈ కథే వాడతాను. బటన్ ఉన్న హ్యాండిల్ కొనేటప్పుడు బటన్ నొక్కకుండా సాకెట్‌ను గుంజి చూడండి. ఊరికే ఊడి వచ్చిందంటే వద్దు, ఇంజన్ సందులో పడిపోతుంది.

కాజీపేట ఫిట్టర్:
తమ్ముడూ, 5 వేలకు నేనైతే ఇలా సర్దుతాను. 12 పానాల రాచెట్ సెట్టు కొనకు. అందులో 9, 11, 15, 16, 18 నీకు ఎప్పుడో గానీ అవసరం రావు, వాటికి పెట్టే డబ్బుతో మిగతావాటి నాణ్యత తగ్గించుకున్నట్టే. హీరో, హోండా బండ్ల మీద నీ చెయ్యి రోజూ పోయేది 8, 10, 12, 14, 17 మీదకే. ఈ ఐదూ విడిగా మంచివి తీసుకో. 10, 12 లివర్ ఉన్నవి, మిగతావి లివర్ లేనివైనా ఫరవాలేదు. మిగిలిన డబ్బుకు 3/8 హ్యాండిల్, ఆరు మూలల సాకెట్లు అవే సైజుల్లో. మూలలు అరిగిన బోల్టు వస్తే 12 మూలల రింగు జారుతుంది, ఆరు మూలల సాకెట్ పట్టుకుంటుంది. ఆ తర్వాత వచ్చే మొదటి డబ్బుతో చిన్న టార్క్ రెంచ్.
షాపులో చూసే పద్ధతి చెబుతా. రింగులో బోల్టు పెట్టి, బోల్టును రెండు వేళ్లతో మెల్లగా పట్టుకుని పానాను వెనక్కి తిప్పు. బోల్టు నీ వేళ్లలోంచి తిరగడానికి ప్రయత్నిస్తే రాచెట్ గట్టిగా ఉంది, వద్దు. తేలిగ్గా, సమానంగా కిర్రుమంటే సరే. ఒక చుట్టు మొత్తం తిప్పు, ఒక్క చోట కూడా ఆగకూడదు, దాటకూడదు. రింగును పైకీ కిందికీ కదిపి చూడు, ఆట ఎక్కువుంటే దుమ్ము అక్కణ్నించే పోతుంది.

కరీంనగర్ స్కూటీ:
17 గురించి చిన్న మాట ఫిట్టరన్నా. 17 వాడేది ఎక్కువగా యాక్సిల్ నట్లకు, డ్రెయిన్ బోల్టుకు. రెండూ గట్టిగా ఉంటాయి, రెండింటి దగ్గరా చెయ్యి తిరిగే జాగా ఉంటుంది. దానికి రాచెట్ కంటే పొడుగు రింగ్ పానానే నయం కదా? ఆ డబ్బుకు 8, 10ల్లో ఒక్కోటి ఎక్కువ తీసుకుంటే బోల్టు ఒకవైపు, నట్టు ఇంకోవైపు ఉన్న చోట రెండు చేతులా పనికొస్తాయి.

కాజీపేట ఫిట్టర్:
నిజమే అమ్మా. 17 తీసేద్దాం.

హన్మకొండ షెడ్డు:
ఇవాళ పోయి చూసి వచ్చిన. 8 లివర్ లేనిది, 10 లివర్ ఉన్నదొకటి లేనిదొకటి, 12, 14 దొరికినయి. 10లో మొదట చూపించింది వెనక్కి తిప్పితే బోల్టునే తిప్పింది, ఫిట్టరన్న చెప్పినట్టు వద్దని ఇంకోటి తీయించిన. 3/8 హ్యాండిల్ బటన్ ఉన్నది తీసుకున్న, ఆరు మూలల సాకెట్లలో 14 మాత్రం స్టాక్ లేదు, వచ్చే వారం వస్తదన్నరు. సిరిసిల్ల అన్నా, మిషన్ నూనె అంటే కుట్టుమిషన్‌కు వేసేదే కదా?

సిరిసిల్ల సాంచాలు:
అదే తమ్ముడూ. చిన్న సీసా చాలు, షెడ్డులో ఎత్తుగా పెట్టుకో, ఇంజన్ ఆయిల్ డబ్బాల పక్కన పెడితే ఎవరో ఒకరు అదే అనుకుని చైన్‌కు పోసేస్తారు.